రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389 మార్చేస్తే సరిపోతుందా? కాశీబుగ్గ ఫ్యాక్టరీ పీసీ, ఇంటి నుంచి టాలీ

ఉద్దానం లెక్కలు అడిగారు:

అందరికీ నమస్కారం. నేను ఉండేది శ్రీకాకుళం, లెక్కలు రాసేది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి. కాంప్లెక్స్‌లో బస్సెక్కి పలాస వెళ్ళి రావడమంటే ఆ రోజుకి ఇంక వేరే పనుండదు. అందుకని సంతకాలకీ, స్టాక్ చూడ్డానికీ తప్ప వెళ్ళను. మిగతాదంతా ఇంటి దగ్గర లాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుని, అంటే ఆఫీసు పీసీ స్క్రీన్‌ని ఇక్కడే తెరుచుకుని చేస్తాను.

ఆఫీసు పీసీలో విండోస్ 11 ప్రో ఉంది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్ అందులోనే. బ్రాడ్‌బ్యాండ్‌కి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రస్, తీసుకున్నాం. పీసీ అమ్మిన షాపు కుర్రాడు రూటర్‌లో 3389 పోర్ట్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు నంబర్) ఫార్వార్డ్ చేసి, అంటే బయటినుంచి పీసీకి దారి తెరిచి, ఇక ఎక్కడినుంచైనా చేసుకోండి అన్నాడు. నిజంగానే ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య మాత్రం పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా అకౌంట్ లాక్ అయిందని వస్తోంది. కాసేపు ఆగితే తెరుచుకుంటుంది, మళ్ళీ అదే వరస. మొన్న 10వ తేదీ రాత్రి, తెల్లారితే జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు, అప్పుడు కూడా ఇలాగే అయింది. చాలా టెన్షన్ పడ్డాను.

సీజన్లో రైతులు తెచ్చే జీడి పిక్కలు 80 కేజీల బస్తా లెక్కన కొంటాం. రైతు దగ్గర కొన్న పిక్కలకి రివర్స్ చార్జ్ కింద జీఎస్టీ మేమే కట్టాలి. కాబట్టి ఏ రోజు కొన్నవి ఆ రోజు ఎక్కించకపోతే నెలాఖరుకి ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోవాలి. లోపలికే వెళ్ళలేకపోతే ఆ పనంతా ఆగిపోతుంది.

ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే, ఎవరో బయటినుంచి ట్రై చేస్తున్నారు, 3389 అందరికీ తెలిసిన నంబర్ కాబట్టి వేరే నంబర్ పెట్టుకుంటే పోతుంది అన్నాడు. ఎలా మార్చాలో చెప్పేంత తీరిక మాత్రం అతనికి లేదు. మా షావుకారుగారిని అడిగితే, "మన లెక్కలు ఎవుడికి కావాలమ్మా, పిక్కల బస్తాల లెక్కే కదా" అంటున్నారు.

పోర్ట్ ఎలా మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి. నేను ఇంట్లో కూర్చునే మార్చగలనా, లేక కాశీబుగ్గ వెళ్ళాలా? మారిస్తే ఈ లాక్ గొడవ నిజంగా పోతుందా?

---

ఆమదాలవలస కుర్రాడు:

మేడమ్, ఐదు నిమిషాల పని. స్టార్ట్‌లో రిజిస్ట్రీ ఎడిటర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు హెచ్‌కీ లోకల్ మెషీన్, దాని కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టెర్మినల్ సర్వర్, విన్‌స్టేషన్స్, చివర ఆర్‌డీపీ-టీసీపీ. ఆ వరుసలో దిగితే కుడివైపు పోర్ట్ నంబర్ అనే ఎంట్రీ కనబడుతుంది. దానిమీద డబుల్ క్లిక్ చేసి కొత్త నంబర్ కొట్టి, పీసీ రీస్టార్ట్ చేయండి. తర్వాత లాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ పక్కన కోలన్ పెట్టి ఆ నంబర్ కొట్టాలి. నేనైతే 3390 పెడతాను, గుర్తుంటుంది.

---

గంటస్తంభం వాసి:

అమ్మా, నేను విజయనగరంలో షాపులకీ, మిల్లులకీ, క్లినిక్‌లకీ కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూస్తుంటాను. మీ పోస్ట్ చదివాక భోజనం పక్కనపెట్టి రాస్తున్నాను. దయచేసి మొత్తం చదవండి.

ముందు తమ్ముడు చెప్పిన పద్ధతి సంగతి. దారి సరైనదే. కానీ మధ్యలో ఇరుక్కుపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మీరు డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు కాబట్టి అవి తెలియాల్సిందే.

ఆ పోర్ట్ నంబర్ ఎంట్రీ తెరవగానే లోపల డీ3డీ అని కనబడుతుంది. 3389ని హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు అంకెలతో లెక్కపెట్టే పద్ధతిలో, అలా రాస్తారు. పక్కన డెసిమల్ అనే గుండ్రటి బటన్ ఉంటుంది, ముందు అది నొక్కాలి. నొక్కకుండా 3390 అని కొడితే విండోస్ దాన్ని హెక్సాగా తీసుకుంటుంది, అసలు పోర్ట్ 13200 అయి కూర్చుంటుంది. మీరు బయటినుంచి 3390 కొడుతూనే ఉంటారు, అది తెరుచుకోదు.

రెండోది ఫైర్‌వాల్, అంటే బయటినుంచి వచ్చే కనెక్షన్లని ఆపే కాపలా. విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ రూల్స్ 3389కే రాసి ఉంటాయి. మీరు రిజిస్ట్రీలో నంబర్ మార్చినా అవి వాటంతట అవి మారవు. కొత్త నంబర్‌కి ఇన్‌బౌండ్ రూల్ మీరే వేయాలి, టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి, ఇవి నెట్‌లో డేటా పంపే రెండు పద్ధతులు. ఆర్‌డీపీ, అంటే రిమోట్ డెస్క్‌టాప్, ఇప్పుడు యూడీపీ కూడా వాడుకుంటుంది. అది లేకపోయినా కనెక్ట్ అవుతుంది గానీ, నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు స్క్రీన్ లాగుతుంది.

ముందు ఫైర్‌వాల్ రూల్, తర్వాత రిజిస్ట్రీ, ఆ తర్వాతే రీస్టార్ట్. వరస తప్పితే బయటినుంచి మళ్ళీ లోపలికి రాలేరు. పీసీ ముందు మనిషి లేకుండా ఈ పని అసలు పెట్టుకోకండి. ఫోన్‌లో మీరు చెబుతుంటే అక్కడ నొక్కడానికి ఒకరుండాలి.

నంబర్ ఎంపిక గురించి కూడా ఒక మాట. 1024 కంటే తక్కువ వద్దు, అవి వేరే సర్వీసులవి. 49152 నుంచి పైవి విండోస్ తన సొంత కనెక్షన్లకి వాడుకుంటుంది కాబట్టి అవీ వద్దు. మధ్యలో దేనికీ వాడనిది చూసుకోవాలి. 3390, 33890 లాంటివి మనకి గుర్తుండేవే, అందుకే వెతికేవాళ్లు కూడా వాటినే ముందు చూస్తారు.

మీకైతే రిజిస్ట్రీ ముట్టుకోవాల్సిన పనే లేదు. రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ ఉంటుంది, కొన్నింట్లో వర్చువల్ సర్వర్ అని ఉంటుంది. బయటి పోర్ట్ దగ్గర కొత్త నంబర్, లోపలి పోర్ట్ దగ్గర 3389 పెడితే అదే ఫలితం. పీసీలో ఏమీ మారదు, పాడయ్యేదీ లేదు.

ఇంతవరకూ మీరడిగినదానికి జవాబు. ఇప్పుడు అడగనిది చెప్తాను.

మీ అకౌంట్ ఎందుకు లాక్ అవుతోందంటే, ఎవరో మీ యూజర్ పేరుతో పాస్‌వర్డ్ ఊహిస్తున్నారు. ఎవరో అంటే మనిషి కాదు, ప్రోగ్రాం. విండోస్ 11 22హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన పీసీల్లో, పాస్‌వర్డ్ పదిసార్లు తప్పితే అకౌంట్ పది నిమిషాలు లాక్ అయ్యేలా ముందే పెట్టి ఇస్తున్నారు. అది మంచిదే, లేకపోతే వాళ్లు రాత్రంతా కొడుతూనే ఉంటారు. కాకపోతే పోర్ట్ బయటికి తెరిచి ఉన్నంతకాలం ఆ లాక్ వాళ్లతోపాటు మీకూ పడుతుంది. మీ యూజర్ పేరు అడ్మిన్ లాంటిదై ఉంటుందని నా అనుమానం.

పోర్ట్ మారిస్తే ఈ దాడి చాలావరకూ తగ్గుతుంది, ఆ కుర్రాడు చెప్పింది అంతవరకూ నిజం. 3389 ఒక్కటే చూసుకుంటూ పోయే ప్రోగ్రాంలకి మీ పీసీ కనబడదు. కానీ పోర్టులు ఉన్నవే 65,535. ఒక ఐపీ మీద అన్నీ తట్టి చూడటం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. తట్టినప్పుడు ఆర్‌డీపీ మౌనంగా ఉండదు. ఏ నంబర్ మీద ఉన్నా దాని జవాబు 03 00 అనే బైట్లతోనే మొదలవుతుంది, చూసేవాడికి ఇది రిమోట్ డెస్క్‌టాప్ అని అక్కడే తెలిసిపోతుంది. ఆ వెంటనే ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది, అందులో మీ కంప్యూటర్ పేరు ఉంటుంది. పీసీకి ఫ్యాక్టరీ పేరో, టాలీ అనో పెట్టి ఉంటే, లోపల ఏముందో కూడా మనమే చెప్పినట్టు.

షాపుల పీసీల్లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి నేను చూసింది ఏంటంటే: విండోస్ లాగ్స్, దానికింద సెక్యూరిటీ, అందులో 4625 నంబర్ ఈవెంట్లు. 4625 అంటే లాగిన్ కాలేదని. పేజీ కిందికి లాగుతూ ఉంటే అయిపోదు. ఒక్కోదాని మీద నొక్కితే ఏ పేరుతో ప్రయత్నించారో ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్, స్కానర్, బ్యాకప్, రిసెప్షన్. మన ఊరికి సంబంధం లేని పేర్లు. సెకను కూడా విరామం లేకుండా ఒకదాని వెనక ఒకటి. మీ షావుకారుగారి ప్రశ్నకి జవాబు అక్కడే ఉందమ్మా. ఆ ప్రోగ్రాంకి పిక్కల లెక్క అక్కర్లేదు. అది పిక్కల ఫ్యాక్టరీ అని కూడా దానికి తెలీదు. పీసీ దొరికితే చాలు. లోపలున్న ఫైళ్లకి తాళం వేసి మీకే అమ్ముతారు, ఎందుకంటే ఆ లెక్కలు మీకు కావాలి.

మా వైపు ఒక వ్యాపారి దగ్గర ఇది జరిగింది. వాళ్లు పోర్ట్ మార్చుకున్నవాళ్లే. 33890. పాస్‌వర్డ్ షాపు పేరు, చివర 123. ఉదయం షట్టర్ తీసి పీసీ ఆన్ చేస్తే టాలీలో కంపెనీ కనబడలేదు. డేటా ఫోల్డర్ తెరిస్తే ప్రతి ఫైలు పేరుకీ చివర ఒక కొత్త తోక, డెస్క్‌టాప్ మీద డబ్బు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు. బ్యాకప్ హార్డ్ డిస్క్ ఉంది గానీ, అది రాత్రీ పగలూ అదే పీసీకి తగిలించి ఉంచారు, కాబట్టి అందులోవి కూడా పోయాయి. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటి ఆడపిల్లలిద్దరూ బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఏప్రిల్ నుంచి మళ్ళీ ఎంట్రీ చేస్తూ కనబడేవారు. కార్బన్ కాపీ మీద అంకె మాసిపోయినచోట పార్టీకి ఫోన్ చేసి అడిగేవారు. కొన్ని పార్టీలు తక్కువ చేసి చెప్పాయి. అది చూసిన దగ్గరనుంచీ, పోర్ట్ మార్చుకుంటే చాలని ఎవరన్నా నేను ఊరుకోలేను.

పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా పనికిరాని సందర్భం కూడా ఒకటుంది. 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, దాన్ని బ్లూకీప్ అంటారు. విండోస్ 7, సర్వర్ 2008 లాంటి పాతవాటిలో, పాస్‌వర్డ్‌తో పనే లేకుండా ఆర్‌డీపీ ద్వారా లోపలికి వచ్చేయగల లోపం అది. అప్పటికే సపోర్ట్ ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చారంటే ఎంత భయపడ్డారో చూడండి. మీ విండోస్ 11కి అది వర్తించదు. కానీ అలాంటిది రేపు ఇంకొకటి బయటపడితే, ప్యాచ్ వచ్చేదాకా ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉన్న ప్రతి ఆర్‌డీపీ ప్రమాదంలోనే ఉంటుంది, పోర్ట్ ఏ నంబరైనా సరే.

అందుకని నా మాట: నంబర్ మార్చడం కాదు, బయటికి తెరవడమే మానేయాలి. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు మీరు మూడు విషయాలు చూసి చెప్పండి. 4625 ఎన్ని ఉన్నాయి, ఏ పేర్లతో ఉన్నాయి. ఆ పీసీలో మీకు తెలియని కొత్త యూజర్ ఎవరైనా చేరారా. ఇంకోటి, ఎవరైనా ఇప్పటికే లోపలికి వచ్చారా. దీనికి ఈవెంట్ వ్యూయర్‌లోనే అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్, ఆపరేషనల్. అందులో 21 అంటే లాగిన్ అయినట్టు, 25 అంటే ఆగిన సెషన్‌లోకి మళ్ళీ వచ్చినట్టు. పక్కనే ఏ అడ్రస్ నుంచో ఉంటుంది. మీరు పని చేయని వేళల్లో ఏదైనా కనబడితే వెంటనే నెట్ కేబుల్ పీకించేయండి.

---

ఉద్దానం లెక్కలు:

అన్నయ్యగారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. లోపలికి వెళ్ళగలిగిన వెంటనే చూశాను.

4625 గురించి మీరు రాసింది చదివినా, కళ్ళతో చూస్తే వేరుగా ఉంది. నేను నిద్రపోతున్న టైములో, తెల్లవారుజామున, ఒకే నిమిషంలో అన్ని. చాలావాటిలో అడ్మినిస్ట్రేటర్ అని ఉంది. మా యూజర్ పేరు అడ్మిన్ అని మీరు ఊహించింది కరెక్టే, షాపు కుర్రాడు అలాగే పెట్టిచ్చాడు. కొన్నింటిలో అడ్రస్ దగ్గర ఖాళీగా ఉంది. కొత్త యూజర్లు ఎవరూ లేరు. 21, 25 దగ్గర ఉన్నవన్నీ నేను పని చేసిన వేళలే, అడ్రస్ మా ఇంటి నెట్‌దే. అది చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

షావుకారుగారికి ఆ లిస్టు ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. ఇంతసేపూ పట్టించుకోని ఆయన వెంటనే ఫోన్ చేసి, "ముందు ఆపీ, తర్వాత చూద్దాం" అన్నారు. కాటా దగ్గర కూర్చునే అమ్మాయి చేత రూటర్‌లో ఆ ఫార్వార్డ్ తీయించాను. ఇప్పుడు నాకు పని లేదు, లెక్కలు ఆగాయి. 20వ తేదీకి జీఎస్టీఆర్-3బీ రిటర్న్ వేయాలి. ఖర్చు ఎక్కువ లేకుండా ఏం చేయమంటారు?

ఇంకో చిన్న సమస్య కూడా. నేను కనెక్ట్ అవగానే కాటా అమ్మాయి స్క్రీన్ లాక్ అయిపోతుంది. రైతు బస్తాలు కాటా మీద పెట్టి నిలబడి ఉంటాడు, ఆ పిల్ల నాకు ఫోన్ చేస్తుంది, నేను బయటికి వస్తాను. దానికేమైనా మార్గం ఉందా?

---

బొబ్బిలి ట్యాక్స్ ప్రాక్టీస్:

మేడమ్, మీకు పీసీ మొత్తం కావాలా, టాలీ ఒక్కటీ చాలా? టాలీ ఒక్కటే అయితే అందులోనే రిమోట్ సదుపాయం ఉంది. టీఎస్ఎస్ (టాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ చందా) రెన్యువల్ నడుస్తుంటే మిమ్మల్ని టాలీ డాట్ నెట్ యూజర్‌గా చేర్చి, ఫ్యాక్టరీలో కంపెనీని కనెక్ట్ చేసి ఉంచితే, మీ లాప్‌టాప్‌లో టాలీ తెరిచి అందులోంచే వోచర్లు వేయొచ్చు. రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. కాటా అమ్మాయి స్క్రీన్ కూడా కదలదు. నేను కొందరు క్లయింట్ల లెక్కలు అలాగే చూస్తున్నాను. అక్కడ పీసీ ఆన్‌లో ఉండాలి, కంపెనీ తెరిచి ఉండాలి, అదొక్కటే.

---

గంటస్తంభం వాసి:

బొబ్బిలి వారి మాట బాగుంది. ముందు అది చూడండి, 20వ తేదీ పని దానితో గట్టెక్కుతుంది. స్క్రీన్ లాక్ సంగతి కూడా ఆయన చెప్పిందే. విండోస్ ప్రో ఒకసారికి ఒక్కరినే కూర్చోనిస్తుంది, మీరు వస్తే ఆ పిల్ల లేవాల్సిందే. ఇద్దరూ ఒకేసారి వాడేలా చేసే ప్యాచ్ ఫైళ్లు దొరుకుతాయని ఎవరైనా చెబితే దగ్గరికి రానివ్వకండి. అది లైసెన్స్‌కి విరుద్ధం, పైగా ఎవరు రాశారో తెలియని ఫైలుని సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడం.

వేబిల్లులు, ఫోల్డర్లో ఉన్న ఎక్సెల్ షీట్లు, ప్రింటర్, ఇవన్నీ కావాలంటే మాత్రం ఆర్‌డీపీ ఉండాలి. అప్పుడు దాన్ని వీపీఎన్ వెనక, అంటే తాళం ఉన్నవాళ్లకే దొరికే ప్రైవేటు దారి వెనక, పెట్టండి. మీకు స్టాటిక్ ఐపీ ఉంది కాబట్టి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఒక మార్గం. రూటర్‌లోనే ఆ సదుపాయం ఉంటే ఇంకా మంచిది. దానికి కూడా ఒక యూడీపీ పోర్ట్ తెరవాలి, మామూలుగా 51820. కానీ ఆర్‌డీపీలా అది అడిగిన ప్రతివాడికీ జవాబివ్వదు. సరైన తాళం లేకుండా వచ్చిన ప్యాకెట్‌కి అసలు ఏ జవాబూ రాదు, అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

మీరు రూటర్ సెట్టింగులతో కుస్తీ పట్టలేననుకుంటే టెయిల్‌స్కేల్. లోపల నడిచేది వైర్‌గార్డే, తాళాల పంపకం అది చూసుకుంటుంది. ఫ్యాక్టరీ పీసీలో ఒకటి, మీ లాప్‌టాప్‌లో ఒకటి ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, రెండింటికీ 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ అడ్రస్ కొట్టడమే. రూటర్‌లో ఏమీ తెరవక్కర్లేదు. స్టాటిక్ ఐపీ కూడా అక్కర్లేదు, వేరే దేనికీ వాడకపోతే రెన్యువల్ మానుకోవచ్చు, షావుకారుగారికి ఆ మాట కూడా చెప్పండి. ఉచిత ప్లాన్ సొంత వాడకానికి ఉద్దేశించింది కాబట్టి, ఫ్యాక్టరీకి ఏ ప్లాన్ సరిపోతుందో వాళ్ల సైట్‌లో చూసి తీసుకోండి.

ఫ్యాక్టరీ పీసీలో టెయిల్‌స్కేల్ మెనూలో రన్ అనటెండెడ్ అని ఉంటుంది, అది తప్పక టిక్ చేయాలి. లేకపోతే పీసీ రీస్టార్ట్ అయ్యాక అక్కడ ఎవరో లాగిన్ అయ్యేదాకా మీకు దొరకదు. సైన్ ఇన్ చేసే అకౌంట్‌కి, గూగుల్ అయినా మైక్రోసాఫ్ట్ అయినా, రెండంచెల వెరిఫికేషన్ ఉండాల్సిందే. ఇప్పుడు మీ ఇంటి తలుపు ఆ అకౌంటే.

పీసీలో కూడా కొంచెం పని ఉంది. అడ్మిన్ పేరుతో రిమోట్‌లోకి రావడం ఆపేయండి. ఎవరూ ఊహించని పేరుతో మామూలు యూజర్ ఒకటి చేసి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూప్‌లో చేర్చండి. దానితోనే పని చేయండి, టాలీకి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (స్క్రీన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగేది) టిక్ అలాగే ఉంచండి. ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్ తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ అడ్రస్ దగ్గర 100.64.0.0/10, అంటే టెయిల్‌స్కేల్ అడ్రస్‌ల శ్రేణి, మాత్రమే ఇవ్వండి. అప్పుడు రేపెవరైనా రూటర్‌లో మళ్ళీ పొరపాటున పోర్ట్ తెరిచినా, బయటివాళ్లని పీసీ రానివ్వదు. వైర్‌గార్డ్ పెట్టుకుంటే దాని అడ్రస్ శ్రేణి ఇవ్వాలి.

ఇదంతా అయ్యాక పోర్ట్ 3389 అలాగే ఉండనివ్వండి. మార్చి గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే లేదు.

బ్యాకప్ మాట ఇంకా ఎత్తలేదు. టాలీ డేటా ఫోల్డర్ కాపీ రోజూ ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసి, తీసిన వెంటనే డిస్క్ పీకి బీరువాలో పెట్టమనండి. ఇంకో కాపీ మీ దగ్గర శ్రీకాకుళంలో. నెలకోసారి ఆ కాపీని మీ లాప్‌టాప్‌లో తెరిచి, బ్యాలెన్స్ షీట్ సరిపోయిందో లేదో చూడండి.

---

ఆమదాలవలస కుర్రాడు:

మాస్టారూ, డెసిమల్ బటన్ సంగతి నేను రాయాల్సింది, మీరు చెప్పారు. థాంక్స్.

మేడమ్‌కి ఒకటి చెప్పాలి. కాశీబుగ్గ వైపు కరెంటు పోతే పీసీ ఆగిపోతుంది, మళ్ళీ వచ్చాక ఎవరో బటన్ నొక్కాలి కదా. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే పీసీ సొంత సెట్టింగులు) పవర్ సెట్టింగుల కింద, ఏసీ పవర్ పోయి వస్తే ఏం చేయాలో అడిగే ఆప్షన్ ఉంటుంది. దాన్ని పవర్ ఆన్ అని పెడితే కరెంటు రాగానే పీసీ దానంతటదే లేస్తుంది. విండోస్‌లో స్లీప్ కూడా నెవర్ పెట్టించండి. రూటర్‌కి చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.

రెండో కాపీ శ్రీకాకుళంలో ఉండాలన్న మాటకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. 2018 అక్టోబర్లో తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. మా పిన్నివాళ్లది మందస వైపు. జీడితోటలూ కొబ్బరిచెట్లూ పడిపోయాయి, ఇంటి పైకప్పు లేచిపోయి బీరువాలో కాగితాలు కూడా తడిసి ముద్దయ్యాయి. పీసీ, హార్డ్ డిస్క్ ఒకే గదిలో ఉంటే హ్యాకర్ అక్కర్లేదు.

---

ఉద్దానం లెక్కలు:

అందరికీ అప్‌డేట్. నిన్న కాశీబుగ్గ వెళ్ళాను. టాలీ డాట్ నెట్ యూజర్ పెట్టుకున్నాం, మా టీఎస్ఎస్ ఇంకా నడుస్తోంది. కొనుగోళ్ల ఎంట్రీలు దాంట్లోనే వేస్తున్నాను, కాటా అమ్మాయి ఫోన్ రాలేదు. వేబిల్లుల కోసం టెయిల్‌స్కేల్ కూడా పెట్టాం. కొత్త యూజర్, ఫైర్‌వాల్ స్కోప్, బయోస్ సెట్టింగ్ అన్నీ అయ్యాయి. ప్లాన్ గురించి షావుకారుగారితో మాట్లాడాను, స్టాటిక్ ఐపీకి కట్టే డబ్బు ఇటు పెడదాం అన్నారు. సాయంత్రం నా ఫోన్ డేటాలో ఒక పోర్ట్ చెకర్ సైట్ తెరిచి పాత ఐపీకి 3389 కొట్టి చూస్తే క్లోజ్డ్ అని వచ్చింది. ఫార్వార్డ్ తీసినప్పటి నుంచీ 4625 కొత్తవి రాలేదు, ఒక్క నేను తప్పు కొట్టింది తప్ప.

ఒకటే సందేహం. టెయిల్‌స్కేల్ పేజీలో ఆ పీసీ పక్కన కీ ఎక్స్‌పైరీ అని ఒక తేదీ చూపిస్తోంది. ఆ రోజుకి ఆగిపోతుందా?

---

గంటస్తంభం వాసి:

ఆగిపోతుందమ్మా. మామూలుగా 180 రోజులకోసారి ప్రతి మెషీన్ మళ్ళీ సైన్ ఇన్ అవ్వాలి. ఫ్యాక్టరీ పీసీ దగ్గర మీరుండరు కాబట్టి, అదే పేజీలో ఆ పీసీకి ఎదురుగా ఉన్న మూడు చుక్కలు నొక్కి డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ ఇవ్వండి. మీ లాప్‌టాప్‌కి మాత్రం తీయకండి. లాప్‌టాప్ బస్సులో పోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, అదే పేజీలోంచి దాన్ని తొలగించేయొచ్చు. ఆ పేజీలోకి వెళ్ళే పాస్‌వర్డ్ షావుకారుగారి దగ్గర కూడా ఒకటి రాసి ఉంచండి.